సంచిలో చెంచా

సంచి సర్దేటప్పుడు బరువైనవి అడుగున పెట్టాలి. పిన్ని ముందు చెప్పులు పెట్టింది, పాత కాగితంలో చుట్టి. వాటి మీద రెండు జతల బట్టలు, ఒక శాలువా, ఒక తువ్వాలు. పక్కన సబ్బుపెట్టె, పళ్ళ బ్రష్షు, దువ్వెన, తలనొప్పి మాత్రలు, సూదీ దారం. ప్రయాణంలో మొదట తెగేది గుండీయేనని ఆవిడ నమ్మకం. అన్నీ అయ్యాక అటూ ఇటూ చూసి, బట్టల మడతలో ఒక చెంచా దోపింది. జిప్పు లాగింది. ఎత్తి చూసింది. భుజం కాస్త ఒంగింది. సరిపోయింది.

ఆ సంచి ఎక్కడికీ వెళ్ళదు. వేదిక మీద కుడివైపు తలుపు దాకా వెళ్తుంది. తలుపు దాటగానే మళ్ళీ పిన్ని చేతికే వస్తుంది. అది నాటకంలో సంచి. మూడో అంకం చివర భార్య పాత్ర ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు పట్టుకునేది. పిన్ని ఆ నాటకశాలలో సామాన్లు చూసుకునే మనిషి. కప్పులు, కుర్చీలు, మోగని టెలిఫోను, పగలాల్సిన గ్లాసులు, పగలకూడని గ్లాసులు, అన్నీ ఆవిడ అధీనంలోనే ఉంటాయి. అక్కడ అందరికీ ఆవిడ పిన్నే. ఆవిడకన్నా వయసులో పెద్దవాడైన లైట్లాయనకి కూడా పిన్నే.

ఉత్తుత్తి సంచికి ఇంత సర్దుబాటు దేనికని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు. నాలుగు పాతగుడ్డలు కుక్కితే చాలదా అంటారు.

"ఖాళీ సంచి పట్టుకుంటే చెయ్యి ఊగుతుంది" అంటుంది పిన్ని. "గుడ్డలు కుక్కిన సంచి పట్టుకుంటే గుడ్డలు కుక్కిన సంచి పట్టుకున్నట్టే నడుస్తారు. చూసేవాడికి మొగుడూ పెళ్ళాల గొడవ అర్థం కాకపోవచ్చు. సంచి బరువు మాత్రం వెనక వరసలోవాడికి కూడా తెలుస్తుంది."

ఆట అయిపోయాక ఆ సంచి విప్పి, ఎక్కడి వస్తువు అక్కడ పెట్టందే ఆవిడ ఇంటికి వెళ్ళదు. సర్దిన సంచి సర్దినట్టే ఉంటే ఎవరో ఒకరు వెళ్ళిపోతారని ఆవిడ భయం. ఆవిడ భయాలు అలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. టీ తాగడానికి పక్క గదిలోకి వెళ్ళేవాడైనా సరే "వెళ్తాను" అనకూడదు, "వెళ్ళొస్తాను" అనాలి. అనకపోతే వెనక్కి పిలిచి అనిపించేది. లైట్లాయన నిచ్చెన మధ్యలోంచి దిగి వచ్చి మరీ అనేవాడు.

చెంచా సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పుడు వాళ్ళక్క ఎక్కడికో పనికని బయల్దేరింది. "వారంలో వచ్చేస్తానే" అంది. చెల్లెలికి నమ్మకం కుదరలేదు. వంటింట్లోంచి ఒక చెంచా తెచ్చి అక్క సంచిలో బట్టల కింద దాచింది. ఎరువు సొమ్ము బరువు చేటు అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటుంటే వింది. తిరిగి ఇవ్వాల్సిన వస్తువు దగ్గరుంటే ఆ బరువుకైనా మనిషి వెనక్కి వస్తుందని లెక్క వేసింది. వారం గడిచింది. అక్క రాలేదు, చెంచా రాలేదు. ఆరు చెంచాల జత ఐదయింది. అమ్మ అక్క కోసం ఏడ్చింది, చెంచా కోసం తిట్టింది. ఏడుపు కొన్నాళ్ళకి తగ్గింది. తిట్టు మాత్రం ఇంటికి చుట్టాలొచ్చి చెంచా తక్కువైనప్పుడల్లా వచ్చేది.

అయినా ఆవిడ అలవాటు మానలేదు. పద్ధతి మంచిదే, చెంచాయే మంచిది కాదనుకుంది. పెద్దయ్యాక మొగుడి సంచిలోనూ పెట్టింది. ఆయన రెండుసార్లు వెళ్ళి ఒక్కసారి వచ్చాడు. రెండోసారి సంచి లేకుండా వెళ్ళాడు. చెంచా పెట్టడానికి చోటు దొరకలేదు.

నాటకంలో భార్య పాత్ర వేసే ఆమెని పిన్ని అమ్మడు అని పిలిచేది. భర్త పాత్ర వేసేవాడు అమ్మడికి నిజం మొగుడే. అతన్ని అందరూ హీరోగారు అనేవాళ్ళు, పిన్ని ఒక్కతే అల్లుడుగారు అనేది.

అల్లుడుగారు చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు. ఫ్లాస్కులో వేడినీళ్ళు పట్టుకుని భార్య వెంటే తిరిగేవాడు. "మాట్లాడకు, గొంతు పాడవుతుంది" అనేవాడు. నటికి గొంతే ఆస్తి, ఆస్తిని మొగుడు చూసుకోవాలి అని ఆయన సిద్ధాంతం. ఆట ఉన్న రోజు ఆమె మాట్లాడకూడదు. వారంలో ఆరు రోజులు ఆట. ఏడో రోజు గొంతుకి విశ్రాంతి. గుసగుసలు కూడా పనికిరావు, గుసగుసకి గొంతు ఇంకా అరుగుతుందట. ఆ మాట నిజమేనని పాటల మాస్టారు కూడా ఒప్పుకున్నాడు. దాంతో ఆమె నోటి వెంట వచ్చే మాటలన్నీ ఇంకొకరు రాసినవే అయ్యాయి. ఫోను మోగితే ఆయన ఎత్తేవాడు. దుకాణానికి వెళ్తే ఆయన అడిగేవాడు.

"అమ్మడూ, టీలో చక్కెర ఎంత వెయ్యను?" అని పిన్ని అడిగితే, "తనకి తక్కువ వెయ్యండి పిన్నిగారూ" అని జవాబు ఆయన దగ్గర్నుంచి వచ్చేది.

అమ్మడికి చక్కెర ఎక్కువ కావాలి. పిన్ని ఎక్కువే వేసి, కలపకుండా ఇచ్చేది. ఆయన వేడి సరిపోయిందో లేదో చూడ్డానికి ఒక గుక్క తాగినా పైన చప్పగానే ఉంటుంది. అడుగున తీపి అమ్మడిది.

నాటకం రాసిందీ ఆడించేదీ డైరెక్టరమ్మ. పెన్సిలు జుట్టులో గుచ్చుకుని అదే పెన్సిలు కోసం గదంతా వెతికే మనిషి. మూడంకాల్లోనూ భార్య బల్ల మీద కంచాలు సర్దుతుంది, తీస్తుంది, మళ్ళీ సర్దుతుంది. చివరికి బల్ల వదిలేసి సంచి సర్దుకుని వెళ్ళిపోతుంది. తలుపు మూసుకుంటుంది, తెర పడుతుంది. అంతే. మొదట్లో మొగుళ్ళూ పెళ్ళాలూ కలిసి వచ్చేవాళ్ళు. తర్వాత ఆడవాళ్ళు మాత్రమే గుంపులుగా రావడం మొదలుపెట్టారు.

ఒకరోజు టికెట్ల కిటికీ దగ్గరికి ఒక పెద్దమనిషి వచ్చాడు.

"మొన్న మా ఆవిడ మీ ఆట చూసి వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళింది. ఇంకా రాలేదు."

"టికెట్టు వాపసు తీసుకోమండీ" అన్నాడు కిటికీలో ఆయన.

"టికెట్టు ఎవడడిగాడయ్యా? మనిషిని వాపసు ఇప్పించండి."

దాని మీద నాటకశాల కమిటీ కూర్చుంది. కార్యదర్శి తను స్త్రీల కళకి వ్యతిరేకి కాదని ముందే చెప్పాడు. అది ఆయన ప్రతి సమావేశంలోనూ ముందే చెబుతాడు.

"ఆమె వెళ్ళొచ్చమ్మా. వెళ్ళాలి కూడా. వెళ్ళి, రావాలి."

"వస్తే ఇంక వెళ్ళినట్టెలా అవుతుందండీ?" అంది డైరెక్టరమ్మ.

"మేం రోజూ ఆఫీసుకి వెళ్ళి రావడం లేదా?"

డైరెక్టరమ్మ టీ కప్పులు పంచుతున్న పిన్ని వైపు తిరిగింది. "నువ్వు చెప్పు పిన్నీ. ఒక ఆడదానిగా చెప్పు."

పిన్ని ఆడదానిగా ఆలోచించింది. "వెళ్ళిన మనిషి తిరిగొస్తే మంచిదే కదమ్మా."

"నువ్వు కూడానా! ఆ ఇల్లు ఆమెని తినేసింది పిన్నీ. అదేగా మనం చూపించేది."

"ఇల్లెక్కడ తింటుందమ్మా, మనం వండిపెడితే గానీ."

కార్యదర్శి నవ్వాడు. డైరెక్టరమ్మ జుట్టులోంచి పెన్సిలు తీసి రాసుకుంది. ఆ మాట మర్నాటినుంచీ రెండో అంకంలో వినిపించింది. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. ఎవరి మాటో ఎవరూ అడగలేదు, పిన్ని కూడా చెప్పలేదు.

చివరికి రాజీ కుదిరింది. భార్య వెళ్ళిపోతుంది. వేదిక చీకటవుతుంది, భర్త కుర్చీ మీద ఒక్క దీపం వెలుగుతుంది. కాసేపటికి తలుపు చప్పుడవుతుంది. భర్త లేచి తలుపు తీస్తాడు. గుమ్మం మీద వెలుగు పడుతుంది. ఆ వెలుగులో భార్య సంచితో నిలబడి ఉంటుంది. తెర. "లోపలికి వస్తుందో రాదో మనం చెప్పడం లేదు" అంది డైరెక్టరమ్మ. "తలుపు తట్టిందంటే వచ్చినట్టే" అన్నాడు కార్యదర్శి. ఎవరికి కావాల్సింది వాళ్ళకి దొరికింది.

ఆ తలుపు పల్చటి చెక్క. తడితే అట్టపెట్టె తట్టినట్టుంటుంది. అందుకని చప్పుడు చేసే పని పిన్నికి వచ్చింది. తలుపు వెనక ఒక దుంగ నిలబెట్టి చెక్కసుత్తితో కొట్టాలి. ఆ చప్పుడే అందరికీ కదలమనే గుర్తు. అది వింటేనే హీరోగారు కుర్చీలోంచి లేవాలి, లైట్లాయన గుమ్మం మీద వెలుగు వెయ్యాలి, తెర లాగేవాడు తాడు అందుకోవాలి. చప్పుడు కాకపోతే ఎవరూ కదలకూడదు. కోడి కూయకపోయినా తెల్లారుతుందేమో గానీ, పిన్ని కొట్టకపోతే ఆ ఆట తెల్లారదు.

ఇందులో హీరోగారి పట్టింపు ఇంకా ఎక్కువ. గుర్తు రానిదే కదలని నటుడని ఆయనకి పేరు. ఒకసారి పైకప్పునుంచి సున్నం పెచ్చు ఊడి ఆయన మోకాలి పక్కనే పడింది. ముందు వరసలవాళ్ళు లేచి నిలబడ్డారు, ఆయన లేవలేదు. "గుర్తు రాలేదు కదా" అన్నాడు తర్వాత, జుట్టులో సున్నం దులుపుకుంటూ.

పిన్ని ఆ చప్పుడు ఇష్టంగా చేసేది. సుత్తి పడగానే హాల్లో జనం ఊపిరి వదిలేవాళ్ళు. ఆవిడా వదిలేది. ఇన్నేళ్ళకి, సంచి పట్టుకుని వెళ్ళిన మనిషి ఒకరు రోజూ తిరిగి వస్తున్నారు. అదీ తన చేతి మీదుగా.

తలుపు వెనక ఆ కాసేపూ పిన్నీ అమ్మడూ ఇద్దరే ఉండేవాళ్ళు. అక్కడ చీకటి. పక్కనే వెనకవీధిలోకి వెళ్ళే తలుపు, దాని సందులోంచి ఒక గీత వెలుతురు. మొదట్లో అమ్మడు ఊరికే నిలబడేది. ఒకరోజు మాట్లాడింది.

"పిన్నీ, వెనకవీధిలో ఇప్పుడు ఎవరుంటారు?"

పిన్ని ఉలిక్కిపడింది. రాసిన మాటలు కాకుండా అమ్మడి గొంతు వినడం ఆవిడకి అదే మొదలు. వేదిక మీద గొంతుకన్నా కాస్త బొంగురుగా ఉంది.

"ఎవరుంటారే, ఇస్త్రీ కొట్టాయన, ఒక కుక్క. గుసగుసలాడకు, గొంతుకి చేటట."

"అందుకే మామూలుగానే మాట్లాడుతున్నా."

అప్పటినుంచి రోజూ ఒకటో రెండో మాటలు మాట్లాడేది. పెద్ద సంగతులేం కావు. కాలి వేలికి దెబ్బ తగిలిందని, చిన్నప్పుడు తను వసపిట్టనని, ఇంట్లో చెవిపోటు వచ్చినంత పని అయ్యేదని. ఆ తర్వాత పిన్ని సుత్తి ఎత్తేది.

ఆ నెలలోనే ఆట అయ్యాక చర్చ పెట్టారు. వేదిక మీద కుర్చీలు వేసి, వెనక "నేటి కళల్లో స్త్రీ గొంతు" అని బ్యానరు కట్టారు. కార్యదర్శి మాట్లాడాడు, తను వ్యతిరేకి కాదన్నాడు. డైరెక్టరమ్మ మాట్లాడింది. మైకు అమ్మడి ముందుకొచ్చేసరికి హాల్లోంచి ఒక లావాటి ఆమె లేచింది. నలుగురు ఆడవాళ్ళు ఒక వ్యానులో ఊళ్ళు తిరుగుతూ తమ కథలు తామే చెప్పుకుంటారు. వేదిక అక్కర్లేదు, తలుపూ అక్కర్లేదు. ఆమె ఆ జట్టుకి పెద్ద.

"అమ్మా, ఆ గుమ్మంలో నిలబడ్డప్పుడు నువ్వేమనుకుంటావు? పాత్ర సంగతి కాదు, నీ సంగతి."

అమ్మడు నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే హీరోగారు మైకు తన వైపు తిప్పుకున్నాడు.

"తను ఏమనుకుంటుందంటేనండీ, ఇల్లు ఎంత విలువైనదో అప్పుడు తెలుస్తుందని అనుకుంటుంది."

ఆమె నోరు ఇంకా తెరిచే ఉంది. పక్కనుంచి చూస్తున్న పిన్నికి అది పరభాష సినిమాకి మన మాటలు అతికించినట్టు కనిపించింది. బొమ్మ ఒకరిది, గొంతు ఇంకొకరిది.

"నేనడిగింది ఆమెని బాబూ" అంది వ్యానామె.

"తనకి గొంతు బాగాలేదు."

"సరే, గొంతు బాగైనప్పుడే. మా జట్టులో ఒక చోటు ఖాళీగా ఉంది. సొంత మాటలే చెప్పాలి. వస్తావా అమ్మా?"

"చాలా సంతోషించిందండీ" అన్నాడు హీరోగారు. "కానీ తనకి చలిగాలి పడదు."

హాల్లో చప్పట్లు కొట్టారు. అమ్మడు నోరు మూసుకుంది. హీరోగారు ఫ్లాస్కు మూత తీసి వేడినీళ్ళు పోసిచ్చాడు.

ఆ మర్నాడు చీకట్లో అమ్మడు అడిగింది. "పిన్నీ, నువ్వు తట్టకపోతే ఏమవుతుంది?"

"ఆట ఆగిపోతుంది."

"ఆగిపోతే?"

"నా కొలువు పోతుంది. నిలబడు సరిగ్గా, తట్టాలి."

రెండు రోజుల తర్వాత ఆట మొదలయ్యే ముందు అమ్మడు సంచి ఎత్తి చూసి, ఇంకాస్త బరువుండాలని సైగ చేసింది. పిన్ని ఒక జత బట్టలు చేర్చింది. తర్వాత ఆట అయ్యాక సంచి విప్పితే తను పెట్టని వస్తువులు కనిపించాయి. తన బట్టల స్థానంలో అమ్మడి బట్టలున్నాయి. కళ్ళద్దాల పెట్టె ఉంది. ఒక ముసలావిడ ఫొటో ఉంది, అమ్మడి ముక్కే ఆవిడది. అడుగున ఒక పళ్ళ బ్రష్షు. నాటకంలో బ్రష్షు ఎప్పుడూ కొత్తదే ఉంటుంది, అది పిన్ని కొన్నదే. ఇది వాడిన బ్రష్షు, కుచ్చు ఒకపక్కకి ఒరిగిపోయింది.

పిన్ని ఆ బ్రష్షు పట్టుకుని చాలాసేపు స్టూలు మీద కూర్చుంది. నాటకాల్లో ఉత్తుత్తిగా ఏడవొచ్చు, నవ్వొచ్చు, చావొచ్చు. వాడిన బ్రష్షు మాత్రం ఉత్తుత్తిది కాదు. మళ్ళీ అన్నీ లోపల పెట్టేసింది, చెంచాతో సహా. మొదటిసారి సంచి సర్దినట్టే వదిలి ఇంటికి వెళ్ళింది.

హీరోగారు భార్యని వదిలి ఎక్కడికీ వెళ్ళడు. ఇంటినుంచి ఇద్దరూ కలిసే వస్తారు, కలిసే వెళ్తారు. ఆమె కనిపించనిది ఆయన కుర్చీలో కూర్చుని చప్పుడు కోసం ఎదురుచూసే ఆ కాసేపే. పాత ముగింపులో అదీ ఉండేది కాదు. తలుపు మూయగానే తెర పడేది, తెర పడగానే ఫ్లాస్కు వచ్చేది. ఆమె తిరిగి రావాలని కమిటీవాళ్ళు పట్టుబట్టబట్టే ఆమెకి ఆ కాస్త చీకటి దొరికింది. ఈ సంగతి కమిటీ సమావేశాల్లో ఎప్పుడూ చర్చకి రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆట. హీరోగారు అద్దం ముందు మీసం అతికించుకుంటున్నాడు. ఆ జిగురు ఆరేదాకా పెదవి కదపకూడదు. రోజు మొత్తం మీద ఆయన మాట్లాడని సమయం అదొక్కటే. గది ఆ చివర్నుంచి అద్దంలో చూస్తున్నాడు గానీ, మాటలు అందవు, ఏమీ అనలేడు. అమ్మడు సామాన్ల బల్ల దగ్గరికొచ్చి ఆయనకి వీపు పెట్టి నిలబడింది.

"పిన్నీ, వ్యాను ఇస్త్రీ కొట్టు దగ్గర ఆగుతుంది."

"ఏ వ్యాను?" అంది పిన్ని, తెలిసే.

"ఇవాళ కాస్త ఆలస్యంగా తట్టు."

"ఎంత ఆలస్యంగా?"

"ఇస్త్రీ కొట్టు దాకా."

"నేను తడతాను" అంది పిన్ని గ్లాసు తుడుస్తూ. "అది నా పని. నన్నిలాంటివి అడక్కు. వెళ్ళేదానివి ఇంటి గుమ్మంలోంచి చెప్పి వెళ్ళరాదూ?"

"చెప్పాను పిన్నీ. ఎన్నిసార్లో చెప్పాను. వెళ్తానండీ అంటే, గొంతు జాగ్రత్త అంటాడు."

గ్లాసు ఎంత తుడిచినా పిన్నికి తనివి తీరలేదు.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

వారంలో వస్తానంటుందనుకుంది. అలా అంటే తిట్టడానికి మాట కూడా సిద్ధం చేసుకుంది.

"రాను పిన్నీ" అంది అమ్మడు.

అద్దం దగ్గర్నుంచి గొంతు సవరించుకున్న చప్పుడు వచ్చింది. జిగురు ఆరింది.

పిన్నిని వదిలి వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు. నిజం చెప్పి వెళ్ళినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఆ మధ్యాహ్నం ఆవిడకి ఏ పనీ చేతికి రాలేదు. రెండో అంకంలో పగలాల్సిన గ్లాసు బదులు పగలకూడని గ్లాసు పంపింది, అది పగిలింది. "ఇల్లెక్కడ తింటుంది, మనం వండిపెడితే గానీ" అన్న మాటకి జనం చప్పట్లు కొట్టారు. పిన్నికి వినిపించలేదు. తడితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. వెలుగు పడుతుంది, అమ్మడు గుమ్మంలో ఉంటుంది, రేపూ ఉంటుంది. టీ అడుగున చక్కెర వెయ్యొచ్చు. తట్టకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఐదు చెంచాల ఇల్లు ఎలా ఉంటుందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడో అంకం చివర తలుపు తెరుచుకుంది. అమ్మడు సంచితో ఇవతలికి వచ్చింది. తలుపు మూసుకుంది. అటువైపు చీకటైంది, హీరోగారి మీద దీపం వెలిగింది.

పిన్ని అలవాటుగా చెయ్యి చాచి సంచి తీసుకుంది. అమ్మడు ఇవ్వకూడదనుకుంది గానీ, ఇచ్చేసింది. అలవాటు ఆమెకీ ఉంది. తర్వాత పిన్ని సంచి కింద పెట్టి, జిప్పు తీసి, బట్టల మడతలో చెయ్యి పెట్టి వెతికింది. చెంచా తీసింది.

"ఇది మా ఇంటిది" అంది.

అమ్మడికి అర్థం కాలేదు. పిన్ని చెంచా తన బొడ్లో దోపుకుంది. జిప్పు లాగి సంచి అమ్మడి భుజానికి తగిలించింది.

"ఇప్పుడు బరువెలా ఉంది?"

"చెంచా తీస్తే తగ్గుతుందా పిన్నీ?"

"నీకు తెలీదులే. చెప్పులు అడుగున ఉన్నాయి. గుండీ తెగితే సూదీ దారం పక్క అరలో."

"వెళ్తాను పిన్నీ."

పిన్ని సరిదిద్దలేదు. వెనకతలుపు గడియ తీసింది. వీధిలోంచి ఎండ లోపల పడి మళ్ళీ పోయింది.

ఆవిడ సుత్తి పట్టుకుని దుంగ ముందు నిలబడింది. హాలు నిశ్శబ్దంగా ఉంది. చెక్క సందులోంచి కుర్చీలో హీరోగారు కనిపిస్తున్నాడు. ఆయన రోజూ చేసే పనులన్నీ చేశాడు. నుదురు రుద్దుకున్నాడు, ఖాళీ కప్పు చూశాడు, తలుపు వైపు తిరిగాడు. చప్పుడు కాలేదు. మళ్ళీ నుదురు రుద్దుకున్నాడు. పైనుంచి లైట్లాయన తొంగిచూశాడు. పిన్ని సుత్తి ఎత్తే ఉంచింది. ఇంక కొట్టబోతోందనుకుని ఆయన మీట మీద చెయ్యి వేసుకుని అలాగే ఉండిపోయాడు.

పిన్ని మనసులో వెనకవీధి వెంట నడుస్తోంది. గోడవార నీళ్ళ గుంట ఉంటుంది, దాటాలి. కుక్క ఉంటుంది, అరవదు, వాసన చూస్తుంది. కిటికీలు బాగుచేసే దుకాణం ఆదివారం మూసి ఉంటుంది. అమ్మడు పరుగెత్తదు. బరువున్న సంచితో ఎలా నడవాలో ఆమెకి బాగా తెలుసు, రోజూ నడుస్తూనే ఉంది.

హీరోగారి మీసం ఒక మూల లేచింది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. తలుపు వైపే చూస్తున్నాడు. అలాంటి చూపు పిన్ని అంతవరకూ ఆయన దగ్గర చూడలేదు. పాపం అనిపించింది. ఆయనకి చేయాల్సిందల్లా ఒకటే, లేచి తలుపు తియ్యడం. గుర్తు లేకుండా లేవడం ఆయనకి రాదు. హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. ఒకామె ఏడుస్తోంది.

వీధి చివర వ్యాను హారను రెండుసార్లు మోగింది.

పిన్ని సుత్తితో దుంగ మీద కొట్టింది. తడతానని చెప్పింది, తట్టింది.

అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. హీరోగారు లేచాడు, తలుపు తీశాడు. గుమ్మం మీద వెలుగు పడింది. ఆ వెలుగులో ఎవరూ లేరు. కాస్త పక్కగా, వెలుగు తగలని చోట, సుత్తి పట్టుకున్న ముసలమ్మ ఉంది. అది ఆయనకి మాత్రమే కనిపించింది. ఆయన జనానికి వీపు పెట్టి ఖాళీ గుమ్మంలోకి చూస్తూ నిలబడ్డాడు. తెర పడింది. హాలు మొత్తం లేచి నిలబడి కొట్టిన చప్పట్లకి మళ్ళీ ఎక్కడ సున్నం ఊడుతుందోనని లైట్లాయన భయపడ్డాడు.

"ఏదీ?" అన్నాడు హీరోగారు.

"వెళ్ళింది అల్లుడుగారూ."

ఆయన వెనకతలుపు దాకా వెళ్ళి వీధిలోకి చూశాడు. ఇస్త్రీ కొట్టాయన బొగ్గులు విసురుకుంటున్నాడు. కుక్క పడుకుని ఉంది. ఆయన తిరిగొచ్చి బల్ల మీది ఫ్లాస్కు చేతిలోకి తీసుకున్నాడు.

"వేడినీళ్ళు పట్టుకెళ్ళలేదు" అన్నాడు.

"లేదు బాబూ."

పిన్నికి కొలువు పోలేదు. ఆ ముగింపు అందరికీ నచ్చింది. ఇదే తన అసలు ఆలోచన అని డైరెక్టరమ్మ చెప్పింది. తలుపు తట్టింది కాబట్టి వచ్చినట్టేనని కార్యదర్శి తృప్తి పడ్డాడు. ఆ తర్వాత ఆటల్లోనూ చప్పుడవుతుంది, తలుపు తెరుచుకుంటుంది, గుమ్మం ఖాళీగా ఉంటుంది. హీరోగారి మౌనం ఈ మధ్యకాలంలో వేదిక మీద చూసిన గొప్ప నటన అని పత్రికలో రాశారు. ఆయనకి బహుమతి ఇచ్చారు. ఆ సభలో ఎవరో అడిగారు, ఆ తలుపు తీసినప్పుడు మీరేమనుకుంటారని. ఆయన మైకు తీసుకుని పక్క కుర్చీ వైపు చూశాడు. "తను..." అన్నాడు. మైకు తిరిగి ఇచ్చేశాడు.

భార్య పాత్రకి కొత్తమ్మాయి వచ్చింది. సంచి ఇవతలికి తేగానే పిన్ని చేతిలో పెట్టేసి, బెంచీ మీద కూర్చుని బిస్కట్లు తింటుంది. బాగా మాట్లాడుతుంది. పిన్ని రోజూ సంచి సర్దుతుంది, రోజూ విప్పుతుంది. చెంచా రోజూ తిరిగి వస్తుంది.

లైట్లాయన వేరే ఊళ్ళో వ్యానువాళ్ళ ఆట చూశానన్నాడు. అమ్మడు మంచినీళ్ళు కూడా తాగకుండా మాట్లాడుతూనే ఉందట. గొంతు పూర్తిగా బొంగురుపోయిందట. పిన్ని ఆ మాట విని, చలిగాలి పడిందా అని అడిగింది. పడినట్టే ఉందన్నాడాయన.

పిన్ని వాళ్ళక్క తిరిగి రాలేదు. ఆమె వెళ్ళింది పిన్నికి తొమ్మిదేళ్ళప్పుడు, వానలు మొదలయ్యే ముందు. అమ్మడు తిరిగి రాలేదు. ఆమె వెళ్ళింది ఆదివారం, మధ్యాహ్నం ఆటలో, తలుపు తట్టడానికి ముందు.